తాళంచెవి ఇచ్చిన చేతికీ హిసాబ్ ఉంది



మన మొహల్లాల్లో ఒక జవాన్ పిల్లాడు బండి మీద చనిపోతే ఆ మయ్యత్ ఇంట్లో ఏం మాటలు వినిపిస్తాయో మీకు తెలుసు. "వఖ్త్ ఆగయా థా." "నసీబ్‌లో అంతే రాసి ఉంది." "అల్లా కీ మర్జీ." పుర్సా ఇవ్వడానికి వచ్చినవాళ్లు అంతకంటే ఏమనగలరు? ఏడుస్తున్న అమ్మీ ముందు నిలబడి బండి స్పీడ్ గురించి మాట్లాడేంత బేదర్ద్ ఎవరుంటారు? ఆ రోజు ఆ మాట అనకూడదు, నిజమే. కానీ జియారత్ అయిపోయి, చాలీస్‌వా అయిపోయి, ఏడాది గడిచినా మనం ఆ మాట అనం. ఆ పిల్లాడి తమ్ముడు అదే గల్లీలో అదే స్పీడ్‌లో తిరుగుతున్నా అనం. నా ఫిర్యాదు దాని గురించే.

తఖ్దీర్ మీద మనకు ఈమాన్ ఉంది. అందులో షక్ లేదు. కానీ ఒంటెను కట్టెయ్యకుండా తవక్కుల్ అని కూర్చోవద్దని దైవప్రవక్త (స) ఆ బద్దూకి నేర్పిన సబఖ్ మనలో ఎవరికి తెలియదు? చిన్నప్పుడు మక్తబ్‌లో అందరం విన్నదే. బ్రేక్ వెయ్యగలిగిన చోట వెయ్యకుండా, యాక్సిలరేటర్ తిప్పి, ఆ తర్వాత నసీబ్ అనడం ఈమాన్ కాదు, బహానా. స్పీడ్ అనేది మనిషి చేసే అమల్. అమల్‌కి హిసాబ్ ఉంటుంది. ఆ హిసాబ్ బండి నడిపినవాడి ఒక్కడిదే కాదు, వాడి చేతికి తాళంచెవి ఇచ్చిన ఇంటిది కూడా. దీన్ ఇదే చెబుతుంది, ఈ దేశపు ఖానూన్ కూడా ఇప్పుడు ఇదే చెబుతోంది.

ముందు సర్కారు లెక్క చూడండి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు 460 మందికి పైగా. ఈ మరణాల్లో నూటికి 71 అతివేగం ఖాతాలోనే పడ్డాయి. తాగి నడపడం, రాంగ్ సైడ్‌లో రావడం, సిగ్నల్ దాటడం, ఫోన్ చూస్తూ నడపడం, ఇవన్నీ కలిపినా స్పీడ్ దగ్గరికి రావు. "మా వాడికి తాగుడు లేదు, సిగరెట్ లేదు, ఏ ఐబూ లేదు, బస్ కొంచెం బండి ఫాస్ట్‌గా నడుపుతాడు" అని ముచ్చటగా చెప్పుకునే అబ్బాలు ఈ అంకెను ఒకసారి చదవాలి. ఆ "కొంచెం ఫాస్ట్" అన్నదే అన్నిటికంటే పెద్ద ఐబు.

ఎందుకంటే స్పీడ్ లెక్క మనం అనుకున్నట్టు ఉండదు. గంటకు 40 కిలోమీటర్ల మీద పోయే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. 80 మీద 22 మీటర్లు. ముందర పిల్లాడు అడ్డం వచ్చాడని కన్ను చూసి, దిమాగ్‌కి తెలిసి, చెయ్యి బ్రేక్ మీద పడేసరికి సుమారు ఒక సెకను పోతుంది. అంటే బ్రేక్ పట్టుకోక ముందే 22 మీటర్లు హవా. బ్రేక్ పడ్డాక బండి ఆగే దూరం స్పీడ్ రెట్టింపైతే రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. గుద్దినప్పుడు దెబ్బలో ఉండే తాఖత్ కూడా నాలుగు రెట్లే. బండి ఎంత ఖరీదైనదైనా, నడిపేవాడు ఎంత ఉస్తాదైనా ఈ లెక్క మారదు. "నాకు కంట్రోల్ ఉంది" అనే పిల్లలకు కంట్రోల్ ఉండేది హ్యాండిల్ మీద. ఆ 22 మీటర్ల మీద ఎవ్వరికీ కంట్రోల్ లేదు.

ఇప్పుడు మన ఇంటి మాట. షబే మేరాజ్, షబే బరాత్, షబే ఖద్ర్ వచ్చాయంటే హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ముందే ఎలాన్ చేస్తారు, రాత్రి పూట ఫలానా ఫ్లైఓవర్లు బంద్ అని. ఎందుకు బంద్? ఇబాదత్ రాత్రి మన నౌజవాన్లు బండ్లు తీసి రేసులు పెట్టుకుంటారని. మస్జిద్‌లో నఫిల్ చదువుకుని, కబరస్తాన్‌కు వెళ్లి దాదా దాదీకి ఫాతెహా చదివి రావాల్సిన రాత్రి మన పేరు మీద ఫ్లైఓవర్‌కి బ్యారికేడ్ పడుతోంది. ఇది ఇంటి పెద్దలు షరమ్ పడాల్సిన విషయం.

నాకు తెలుసు, వెంటనే జవాబు వస్తుంది. "డిసెంబర్ 31 రాత్రి కూడా ఫ్లైఓవర్లు బంద్ చేస్తారు కదా, ఆ రోజు నడిపేది మనవాళ్లేనా? అన్ని ఖౌముల పిల్లలూ ఇంతే." సచ్ బాత్. స్పీడ్‌కి మజహబ్ లేదు. ఒక రాత్రి వీడియో తీసి మొత్తం ఖౌమ్‌ని బద్నామ్ చేసే టీవీ ఛానళ్ల నియ్యత్ మీద నాకూ భరోసా లేదు. కానీ పక్కింటి పిల్లాడు కూడా చెడిపోయాడని మనింటి పిల్లాడిని వదిలేస్తామా? వాడి జనాజా మన భుజం మీదే కదా లేచేది.

పెద్ద ఇళ్లు కూడా ఈ గమ్ చూశాయి. 2011 సెప్టెంబర్‌లో మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ గారి కొడుకు ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పోర్ట్స్ బైక్ ప్రమాదంలో పోయాడు. వెంట ఉన్న కజిన్ కూడా పోయాడు. 2017 మేలో అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి నారాయణ గారి కొడుకు కారు జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లర్‌కి గుద్దుకుంది. ఇంత చిన్న వయసులో పోయిన వాళ్ల గురించి తప్పొప్పులు మాట్లాడటానికి నేనెవర్ని? అల్లా ఆ తల్లిదండ్రులకు సబర్ ఇచ్చుగాక. చెప్పేది ఒక్కటే. దౌలత్, ఖరీదైన బండి, మంచి ఆస్పత్రి, పెద్ద పేరు ఏవీ రోడ్డు మీద ఆడ్డం రాలేదు. మరి ఈఎంఐ మీద బండి కొన్న మన ఇళ్లల్లో ఏం అడ్డం వస్తుంది?

ఇంతవరకు మన పిల్లాడి జాన్ గురించే మాట్లాడాను. అసలు బరువైన మాట ఇప్పుడు వస్తుంది. స్పీడ్‌లో పోయేవాడు తన జాన్‌తో ఆడుకుంటున్నాడని మనం అనుకుంటాం. కాదు, ఎదుటివాడి జాన్‌తో కూడా ఆడుకుంటున్నాడు, వాడి ఇజాజత్ లేకుండా. 2019 నవంబర్ 23న హైదరాబాద్ బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి ఒక కారు ఎగిరి కింద రోడ్డు మీద పడింది. అక్కడ పరిమితి గంటకు 40 కిలోమీటర్లు. కారు వందకు పైగా స్పీడ్‌లో ఉందని పోలీసులు చెప్పారు. కింద నిలబడి ఉన్న ఒక ఔరత్ అక్కడికక్కడే చనిపోయింది. ఆమె ఏ గల్తీ చేసింది? రోడ్డు పక్కన నిలబడింది, అంతే. ఫ్లైఓవర్ పైన ఎవడు ఏ స్పీడ్‌లో వస్తున్నాడో ఆమెకు కనబడే మౌకా కూడా లేదు.

హుఖూఖుల్ ఇబాద్ గురించి మన ఆలిమ్‌లు ఎన్ని బయాన్‌లలో చెప్పలేదు? అల్లా తన హఖ్ మాఫ్ చేస్తాడు గానీ మనిషి హఖ్‌ని ఆ మనిషే మాఫ్ చెయ్యాలి. మరి చనిపోయిన మనిషి దగ్గరికి పోయి మాఫీ ఎలా అడుగుతాం? జానబూఝ్ కే చంపకపోయినా, పొరపాటున ఒక జాన్ పోతే దాన్ని ఖత్లె ఖతా అంటారు. దానికి కూడా షరీఅత్‌లో మాఫ్ అని వదిలెయ్యలేదు. చనిపోయినవాళ్ల వారసులకు దియత్, దాంతోపాటు కఫ్ఫారా, అంటే గులామ్‌ని ఆజాద్ చెయ్యడం, ఆ దారి లేని ఈ జమానాలో రెండు నెలలు ఆపకుండా రోజాలు. "ఏక్సిడెంట్ హో గయా, క్యా కరే" అని చేతులు దులుపుకునేవాళ్లు ఒకసారి తమ మస్జిద్ ఇమామ్ సాబ్‌ని ఈ మస్‌అలా అడగాలి.

ఆఖిరత్ హిసాబ్ అలా ఉంది. దునియా హిసాబ్, అంటే ఖానూన్, ఇంకా దగ్గర్లోనే ఉంది.

మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. 2019లో దాన్ని సవరించి సజాలు పెంచారు. సెక్షన్ 183 కింద కారు లాంటి తేలిక బండి స్పీడ్ దాటితే జుర్మానా 1,000 నుంచి 2,000 రూపాయలు. లారీ, బస్సు లాంటివైతే 2,000 నుంచి 4,000. రెండోసారి దొరికితే లైసెన్స్ గుంజుకునే అధికారం కూడా ఉంది. రోడ్డు మీద కట్టించుకునే చలాన్ మొత్తాన్ని రాష్ట్రాలు తమకు తోచినట్టు నిర్ణయించుకుంటాయి గనుక మీ ఫోన్‌కి వచ్చే అంకె వేరేగా ఉండొచ్చు. సెక్షన్ 184 కింద ప్రమాదకరంగా నడిపితే మొదటిసారే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 5,000 దాకా జుర్మానా, లేదా రెండూ. రేసులు పెట్టుకుంటే సెక్షన్ 189 వేరే ఉంది.

ఎవరైనా చనిపోతే కథ మారిపోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 ప్రకారం, నిర్లక్ష్యంగా ఒక జాన్ తీస్తే ఐదేళ్ల దాకా ఖైద్. పాత చట్టంలో ఇది రెండేళ్లే ఉండేది. ఇలా నడిపితే మనిషి చస్తాడని తెలిసే నడిపాడని పోలీసులు అనుకుంటే సెక్షన్ 105 పెడతారు, దానికి పదేళ్ల దాకా పడొచ్చు. సజా పడటం, పడకపోవడం తర్వాతి మాట. ఎఫ్ఐఆర్, జమానత్, వకీల్ ఫీజు, ఏళ్ల తరబడి పేషీలు ఎలాగూ తప్పవు. గల్ఫ్ వెళ్లాలనుకున్న పిల్లాడికి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ దగ్గర ఆ కేసు అడ్డం నిలబడుతుంది. ఒక రాత్రి షౌక్ జవానీ మొత్తాన్ని కోర్టు వరండాలో కూర్చోబెడుతుంది.

ఇక తాళంచెవి ఇచ్చినవాళ్ల సంగతి. ఇది అమ్మీ అబ్బాలు ప్రత్యేకంగా చదవాలి. 2019 సవరణలో సెక్షన్ 199ఏ అని కొత్తది వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లాడు బండి నడిపి జుర్మ్ చేస్తే, వాడి సర్‌పరస్త్‌ని గానీ బండి మాలిక్‌ని గానీ దోషిగా చూస్తారు. మూడేళ్ల దాకా జైలు, 25,000 జుర్మానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. "నాకు తెలియకుండా తీసుకుపోయాడు" అంటే సరిపోదు. మీ ఇజాజత్‌తోనే తీశాడని అదాలత్ ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకునే జిమ్మేదారీ మీదే. తాళంచెవి ఫ్రిజ్ మీద, టీవీ పక్కన పెట్టే ఇళ్లు ఎలా నిరూపించుకుంటాయో ఆలోచించండి. పదహారేళ్లకు నడపొచ్చు కదా అంటారు కొందరు. ఆ ఇజాజత్ 50 సీసీ లోపు గేర్ లేని బండికి, అదీ లైసెన్స్ ఉంటేనే. మన పిల్లలు నడిపేవి 110, 125, 150 సీసీవి.

2024 మే 19న పుణె కళ్యాణినగర్‌లో 17 ఏళ్ల పిల్లాడు నడుపుతున్న పోర్షే కారు గుద్ది ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. 300 పదాల వ్యాసం రాయమనే షర్తుతో కొన్ని గంటల్లోనే వాడికి జమానత్ ఇచ్చారని దేశమంతా మండిపడింది. ఆ గొడవలో మనం సరిగా చూడని విషయం ఒకటుంది. తండ్రిని అరెస్ట్ చేశారు. రక్తం నమూనాలు మార్చారనే ఇల్జామ్ మీద తల్లినీ, డాక్టర్లనూ అరెస్ట్ చేశారు. డ్రైవర్ మీదకు నేరం తోసేందుకు ఒత్తిడి తెచ్చారనే ఇల్జామ్ మీద తాతనూ అరెస్ట్ చేశారు. ఒక కారు తాళంచెవి మూడు తరాలను పోలీస్ స్టేషన్‌కి తీసుకుపోయింది. అంత దౌలత్ ఉన్న ఇల్లు అది. మన ఇంట్లో అలాంటిది జరిగితే వకీల్ దగ్గరికి పోవడానికి అమ్మీ గాజులు అమ్మాలి.

పైసల మాట వచ్చింది గనుక ఇన్సూరెన్స్ గురించి కూడా చెప్పాలి. "ఇన్సూరెన్స్ ఉంది కదా, కంపెనీ చూసుకుంటుంది" అనే ధైర్యం చాలామందిలో ఉంది. లైసెన్స్ లేనివాడికి బండి ఇచ్చి ఎవరైనా చనిపోతే, చాలా కేసుల్లో కంపెనీ ముందు బాధితులకు పైసలు కట్టి, ఆపైన బండి మాలిక్ దగ్గర మొత్తం వసూలు చేసుకునేలా కోర్టులు హుకుం ఇస్తాయి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ దారి ఖాయం చేసింది. ట్రిబ్యునల్ ఇప్పించే పరిహారం లక్షల్లో ఉంటుంది. ప్లాట్ అమ్మినా తీరకపోవచ్చు. ఇంకొకటి. 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక కర్ణాటక కేసులో, తన సొంత నిర్లక్ష్యంతో, స్పీడ్‌తో ప్రమాదం చేసుకుని చనిపోయిన మనిషి కుటుంబానికి పరిహారం ఇప్పించడానికి నిరాకరించింది. భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు అడిగారు. రాలేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఎదుటివాడి కోసం. తన గల్తీతో తానే పోయినవాడి ఇంటికి అది పనికిరాదు. పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తీసుకుని ఉంటే దాని షరతుల ప్రకారం ఏమైనా వస్తుంది. లేకపోతే బేవాకి, యతీం పిల్లలకి ఖాళీ చేతులే.

ఇక్కడ కొందరు భాయీలు ఎదురు మాట్లాడతారు. "రోడ్లు గుంతలు, లైట్లు లేవు, పోలీసులకు చలాన్ పైసలు కావాలి, అంతా గరీబ్ మీదేనా?" సర్కారు తప్పు లేదని నేను అనను. తెలంగాణలో 2022లో పెండింగ్ చలాన్ల మీద టూవీలర్లకు 75 శాతం, 2023 డిసెంబర్‌లో 80 శాతం రాయితీ ఇచ్చారు. జుర్మానా కట్టకుండా ఆగితే సేల్ వస్తుందని సర్కారే నేర్పింది. ఖానూన్ ఖౌఫ్ అలా పోతుంది. కానీ గుంతల రోడ్డు మెల్లగా పోవడానికి వజహ్ అవుతుంది, వేగంగా పోవడానికి ఎలా అవుతుంది? సౌదీలో సాహెర్ కెమెరా భయంతో పరిమితి దాటకుండా పదేళ్లు నడిపిన మనవాడే, సెలవు మీద శంషాబాద్‌లో దిగి ఇంటికొచ్చిన రెండో రోజు బావమరిది బండి తీసి గాల్లో తేలతాడు. చేతిలో హునర్ అదే, మనిషి అతనే. అక్కడ హిసాబ్ ఉందని తెలుసు, ఇక్కడ లేదనుకుంటున్నాడు.

ఇంకో రకం స్పీడ్ ఉంది, దాన్ని షౌక్ అనలేం. మన గల్లీల్లో ఎంతమంది పిల్లలు డెలివరీ బండ్లు నడుపుతున్నారు! ఆర్డర్ లేటైతే రేటింగ్ పోతుంది, ఇన్సెంటివ్ పోతుంది. ఇది మజ్‌బూరీ. వాళ్లను తిట్టడం ఇన్సాఫ్ కాదు. కానీ సెక్షన్ 183 చదవండి. తన దగ్గర పనిచేసేవాడితో స్పీడ్ దాటించిన మాలిక్‌కి కూడా సజా ఉంది. పరిమితి దాటకుండా చేరలేని టైమ్ పెట్టి ఇంతలోపు చేరాలని హుకుం ఇచ్చి ఉంటే, ఆ హుకుమే మాలిక్ మీద సుబూత్‌గా పనికొస్తుందని ఖానూన్‌లో రాసి ఉంది. మన హోటల్ మాలికులు, ట్రావెల్స్ నడిపేవాళ్లు, ట్రాన్స్‌పోర్ట్ సేఠ్‌లు ఇది గుర్తుపెట్టుకోవాలి. డ్రైవర్‌కి "జల్దీ ఆజా" అని ఫోన్ చేసే ముందు ఒకసారి ఆలోచించాలి. డెలివరీ పిల్లలను కంపెనీలు తమ నౌకర్లు అనకుండా పార్ట్‌నర్లు అని పిలుస్తున్నాయి. అందుకే ఈ హఖ్ గురించి యూనియన్లు, మన నుమాయిందాలు గట్టిగా అడగాలి.

మనం ఏం చెయ్యగలం? పెద్ద పెద్ద జల్సాలు అక్కర్లేదు. ఇంట్లో లైసెన్స్ లేనివాడికి తాళంచెవి అందకుండా పెట్టండి, పాల ప్యాకెట్‌కి అయినా సరే. పదో తరగతి పాసైతే బైక్ అనే వాదా చెయ్యకండి. నికాహ్ బారాత్ ముందు పిల్లలు బండి చక్రం లేపుతుంటే చప్పట్లు కొట్టకండి, వీడియో తియ్యకండి. రమజాన్‌లో మగ్‌రిబ్‌కి పావుగంట ముందు రోడ్లు ఎలా ఉంటాయో చూస్తూనే ఉన్నాం. జేబులో రెండు ఖజూర్‌లు, బండి డిక్కీలో ఒక నీళ్ల సీసా పెట్టుకుంటే రోడ్డు పక్కన ఆగి రోజా ఇఫ్తార్ చేసుకోవచ్చు, సవాబ్ తగ్గదు. షబే బరాత్‌కి ముందు జుమ్మాలో ఖతీబ్ సాబ్ పది నిమిషాలు ఈ మాట చెప్పాలని మస్జిద్ కమిటీ అడగొచ్చు. అబ్బా ఆ రాత్రి కొడుకుని వెంటబెట్టుకుని మస్జిద్‌కి నడిచి వెళ్లొచ్చు.

అల్లా నా కరే, ఎప్పుడైనా ప్రమాదం జరిగితే పారిపోకండి. దెబ్బతిన్నవాళ్లను ఆస్పత్రికి చేర్చడం, పోలీసులకు ఖబర్ ఇవ్వడం సెక్షన్ 134 ప్రకారం బండి నడిపినవాడి ఫర్జ్. జనం కొడతారని భయముంటే నేరుగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి, అంబులెన్స్ కోసం 108కి ఫోన్ చెయ్యండి. దారిన పోతూ చూసినవాళ్లు కూడా భయపడకండి. సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా 2019 సవరణ సెక్షన్ 134ఏ హిఫాజత్ ఇచ్చింది.

ఔలాద్ అల్లా ఇచ్చిన అమానత్ అని మనమే అంటాం. రోడ్డు మీద నడిచిపోయే ప్రతి మనిషీ ఇంకెవరికో ఇచ్చిన అమానతే. మీ పిల్లాడు రేపు బండి అడిగినప్పుడు వాడి లైసెన్స్ అడగండి. లేదంటే తాళంచెవి జేబులో వేసుకోండి. వాడు మూతి ముడుచుకుంటాడు, అన్నం తిననంటాడు. సాయంత్రానికి తింటాడు. ఇన్షా అల్లాహ్, ఇంట్లోనే ఉంటాడు.